వీడ్కోలు సభ జరగని ఆటగాడు – మారిస్ స్టోక్స్

పేరున్న ఆటగాడు ఆట మానుకుంటున్నాడంటే అదొక పండగ. చివరి ఆటకి జనం విరగబడి వస్తారు. దండలు వేస్తారు, జ్ఞాపికలిస్తారు, పెద్దలు వేదికెక్కి పొగుడుతారు. పత్రికలు వారం రోజులు అతని లెక్కలు అచ్చేస్తాయి. ఆటగాడు కళ్ళు తుడుచుకుని చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు. ఇవేవీ లేకుండా, ఇరవై నాలుగో ఏట ఒక విమానంలో సీటులో కూర్చున్నవాడు కూర్చున్నట్లే ఆట నుంచి రిటైరైపోయిన ఒక మహా ఆటగాడి కథ ఇది. అతని పేరు మారిస్ స్టోక్స్. అమెరికాలో బాస్కెట్ బాల్ తెలిసినవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. మన దగ్గర సాయంత్రం పూట గ్రౌండులో బంతి పట్టుకునే కుర్రాళ్ళలో ఎంతమందికి తెలుసో అనుమానమే. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

స్టోక్స్ 1933 జూన్ 17న పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ నగరం పక్కనున్న రాంకిన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. మన విశాఖ పేరు చెబితే ఉక్కు ఎలా గుర్తొస్తుందో, అమెరికా వాళ్ళకి పిట్స్‌బర్గ్ అలాగ. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో కార్మికుడు. తల్లి ఇళ్ళల్లో పనిచేసేది. నలుగురు పిల్లల్లో మారిస్ ఒకడు, అతనికి ఒక కవల చెల్లెలో అక్కో ఉండేది, ఇద్దరు అన్నదమ్ములు. నీగ్రోలని పిలిచి దూరం పెట్టిన నల్లజాతి కుటుంబం వాళ్ళది. మారిస్‌కి ఎనిమిదేళ్ళప్పుడు కుటుంబం దగ్గర్లోని హోమ్‌వుడ్‌కి మారింది. అక్కడ వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లో చేరాడు.

అదే హైస్కూల్లో అతని కంటే ముందు చదివినవాడు చక్ కూపర్. అమెరికా వృత్తి బాస్కెట్ బాల్ లీగు, అంటే ఎన్.బి.ఎ., 1950 దాకా నల్లవాళ్ళకి తలుపులు తెరవలేదు. ఆ ఏడాది ఆ లీగు జట్టొకటి ఎంపిక చేసుకున్న మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు ఈ కూపరే. ఒక ఊరి బడి నుంచి ఒకడు కలెక్టరైతే వెనకాల వచ్చే పిల్లలకి ఆశ పుడుతుంది కదా! అయితే స్టోక్స్ పుడుతూనే పులి కాదు. హైస్కూల్లో మొదటి రెండేళ్ళు అసలు జట్టులో మొదటి ఐదుగురిలో చోటే దొరకలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత పుంజుకుని 1950లోనూ 1951లోనూ వరసగా రెండుసార్లు స్కూలుకి నగర ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు.

తర్వాత లొరెటో అనే కొండ ఊళ్ళో ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ కాలేజీలో చేరాడు. క్రైస్తవ సన్యాసులు నడిపే చిన్న కాలేజీ అది. పెద్ద యూనివర్శిటీల పక్కన దాని పేరెవరూ ఎత్తేవాళ్ళు కాదు. అలాంటి కాలేజీని స్టోక్స్ తన భుజాల మీద ఎత్తుకుని 1955లో న్యూయార్క్‌లో జరిగే జాతీయ ఆహ్వాన టోర్నమెంటు దాకా తీసుకుపోయాడు. అందులో సెయింట్ ఫ్రాన్సిస్‌కి వచ్చింది నాలుగో స్థానం. కానీ టోర్నమెంటు మొత్తం మీద ఉత్తమ ఆటగాడెవరంటే స్టోక్స్ అని తేల్చారు. నాలుగో స్థానం జట్టువాడికి ఆ గౌరవం దక్కడం మామూలు విషయం కాదు. మూడో స్థానం కోసం ఆ జట్టు ఓడింది సిన్సినాటి యూనివర్శిటీ చేతిలో. ఆ సిన్సినాటి జట్టులో జాక్ ట్వైమన్ అనే తెల్లకుర్రాడొకడు ఆడేవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. మన కథలో సగం అతనిదే.

ట్వైమన్‌దీ పిట్స్‌బర్గే. 1934లో పుట్టాడు. హైస్కూల్లో మూడేళ్ళపాటు జట్టులోకి తీసుకోమని వెళితే మూడుసార్లూ పనికిరావని పంపేశారు. నాలుగో ఏడు గానీ చోటు దొరకలేదు. సెలెక్షన్లలో పేరు రాలేదని కిట్టు మూలన పడేసే మనవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు. 1955లోనే స్టోక్స్‌నీ, ట్వైమన్‌నీ ఇద్దర్నీ రోచెస్టర్ రాయల్స్ అనే ఎన్.బి.ఎ. జట్టు తీసుకుంది. ఆ ఏడు దేశం మొత్తం మీద జరిగిన ఎంపికలో స్టోక్స్ రెండోవాడు.

స్టోక్స్ ఆట ఎలా ఉండేదో చెప్పాలంటే ముందు రీబౌండు అంటే ఏమిటో ఆడనివాళ్ళ కోసం చెప్పుకోవాలి. రింగుకేసి విసిరిన ప్రతి బంతీ లోపల పడదు. అంచుకి తగిలి, బోర్డుకి తగిలి వెనక్కి వస్తుంది. ఆ బంతిని అందుకున్నవాడిదే తర్వాతి అవకాశం. రింగు కింద ఐదారుగురు ఒకర్నొకరు నెట్టుకుంటూ ఎగిరే చోట అందరికంటే పైన దాన్ని అందుకోవాలి. పాయింటు కొట్టినవాడికి చప్పట్లుంటాయి. రీబౌండు పట్టినవాడికి చాలాసార్లు మోచేతి దెబ్బలే మిగులుతాయి. మా వైపు భాషలో చెప్పాలంటే పంట కోసేవాడు అందరికీ కనిపిస్తాడు, రాత్రి పూట మడికి నీళ్ళు కట్టేవాడు కనపడడు. స్టోక్స్ నీళ్ళు కట్టే రకం.

అతను ఆరడుగుల ఏడంగుళాల మనిషి. బలమైన ఒళ్ళు. అంతటి మనిషి రింగు కింద నిలబడి బంతులేరుకుంటాడనుకుంటే పొరపాటే. బంతి పట్టుకుని తనే గ్రౌండు పొడుగునా నడిపించుకుపోయేవాడు, పొట్టి ఆటగాళ్ళు ఇచ్చినట్లు పాసులిచ్చేవాడు. మొదటి సీజన్లో ఆటకి సగటున 16.8 పాయింట్లు, 16.3 రీబౌండ్లు సాధించి ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఆ సీజన్లోనే ఒక ఆటలో 38 రీబౌండ్లు పట్టాడు. రెండో సీజన్ 1956-57లో మొత్తం 1,256 రీబౌండ్లు. అప్పటికి లీగులో అదే రికార్డు. మూడో ఏడు రాయల్స్ జట్టు సిన్సినాటి నగరానికి మారింది. ఆ సీజన్లో అతని సగటు ఆటకి 18.1 రీబౌండ్లు, 6.4 అసిస్టులు. అంటే తోటివాడు పాయింటు కొట్టడానికి వీలుగా అందించిన పాసులు అన్నమాట. ఆడిన మూడేళ్ళలో లీగు మొత్తం మీద అందరికంటే ఎక్కువ రీబౌండ్లు అతనివే, 3,492. అసిస్టుల్లో బాస్టన్ జట్టు బాబ్ కూసీ తర్వాత రెండోవాడు అతనే. కూసీ బంతి నడిపే గార్డు. స్టోక్స్ రింగు కింద దెబ్బలు తినే పెద్ద మనిషి. ఈ రెండు పట్టికల్లోనూ ఒకే మనిషి పేరు పైన కనిపించడం ఎంత అపురూపమో ఆడేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మూడేళ్ళలోనూ మూడుసార్లు ఆల్ స్టార్ ఆటకి ఎన్నికయ్యాడు.

ఇంకో ముచ్చట. 1956లో కాలేజీ ఆటగాళ్ళలో మొట్టమొదట ఎంచుకునే హక్కు రాయల్స్‌కే వచ్చింది. ఆ ఏడు ఎంపికలో బిల్ రసెల్ ఉన్నాడు. తర్వాత పదమూడేళ్ళలో పదకొండుసార్లు బాస్టన్‌ని ఛాంపియన్ చేసిన రసెల్ అతనే! రాయల్స్ అతన్ని వదిలేసి వేరొకర్ని తీసుకుంది. దానికి డబ్బుతో పాటు ఇంకో కారణం కూడా చెబుతారు. రీబౌండ్లకి తమ దగ్గర స్టోక్స్ ఉండగా ఇంకో మనిషి ఎందుకనుకున్నారట. రసెల్‌నే అక్కర్లేదనిపించిన ఆటగాడు స్టోక్స్.

అతను లీగులో అడుగుపెట్టిన 1955 సంవత్సరాన్ని కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ డిసెంబరులోనే మాంట్‌గోమరీ నగరంలో బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్ అనే ఆమెని అరెస్టు చేశారు. అదీ అప్పటి దేశం. గ్రౌండులో నల్లవాళ్ళకి చప్పట్లు కొట్టిన జనమే బయట హోటల్లో పక్క బల్ల దగ్గర కూర్చోనివ్వని రోజులు. అటువంటి రోజుల్లో స్టోక్స్ ఎవరితోనూ మాట పడకుండా, ఎవర్నీ మాట అనకుండా, నవ్వు మొహంతో, తన ఆట తను ఆడుకుంటూ పోయాడు. తోటి ఆటగాళ్ళందరికీ అతనంటే ఇష్టం.

ఇక అసలు సంగతికి వద్దాం. 1958 మార్చి 12. మినియాపోలిస్‌లో లేకర్స్ జట్టుతో సీజన్లో చివరి లీగు ఆట. స్టోక్స్ రింగుకేసి దూసుకుపోతుంటే ఒక ఆటగాడు తగిలాడు. గాల్లో పట్టు తప్పి, తల నేలకి కొట్టుకుని కింద పడ్డాడు. స్పృహ పోయింది. ముక్కు దగ్గర స్మెల్లింగ్ సాల్ట్స్ పెట్టి లేపారు. లేచాడు. లేచి మళ్ళీ ఆడాడు! ఆ ఆటలో అతనికి 24 పాయింట్లు, 19 రీబౌండ్లు. చూసినవాళ్ళు ఎంత మొగాడురా అనుకుని ఉంటారు.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక్క నిమిషం ఆగుతాను. మెదడు పుర్రెకి అతుక్కుని ఉండదు. చుట్టూ ద్రవం, ఆ ద్రవంలో మెత్తటి మెదడు. వేగంగా పోతున్న బస్సు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళం ముందుకి తూలుతాం కదా, దాన్నే జడత్వం అని ఎనిమిదో క్లాసులో చదువుకున్నాం. తల నేలకి కొట్టుకున్నప్పుడు పుర్రె ఆగిపోతుంది, లోపలి మెదడు ఆగదు. వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. బయట చిన్న గాయం కూడా కనపడక్కర్లేదు. లోపల జరిగిన నష్టం గంటల మీద, రోజుల మీద పెరగొచ్చు. మరి స్మెల్లింగ్ సాల్ట్స్ ఏం చేస్తాయి? అందులో ఉండేది అమ్మోనియం కార్బొనేట్. దాన్నుంచి వచ్చే అమ్మోనియా వాయువు ముక్కు లోపలి పొరల్ని మండిస్తుంది. ఆ మంటకి మనిషి గబుక్కున గాలి పీల్చి కళ్ళు తెరుస్తాడు. అంతే. మెదడుకి తగిలిన దెబ్బని అది ఒక పిసరు కూడా బాగుచెయ్యదు. నిద్రపోతున్న కాపలావాణ్ణి తట్టి లేపినంత మాత్రాన ఇంట్లో పడ్డ దొంగ బయటికి పోతాడా?

మూడు రోజుల తర్వాత, మార్చి 15న, డెట్రాయిట్‌లో ప్లే ఆఫ్ ఆట. స్టోక్స్ అందులో కూడా ఆడాడు. 12 పాయింట్లు, 15 రీబౌండ్లు. జట్టు ఓడింది. ఆ రాత్రి సిన్సినాటికి తిరుగు ప్రయాణం. విమానంలో అతనికి ఒంట్లో బాగాలేదు. వాంతులయ్యాయి, ఫిట్స్ వచ్చాయి, స్పృహ తప్పింది. విమానం దిగీ దిగగానే ఆస్పత్రికి చేర్చారు. కోమాలోంచి బయటపడేసరికి మెడ కింద ఒక్క అవయవం అతని మాట వినడంలేదు. నోట మాట లేదు. మెదడులో కదలికల్ని నడిపించే భాగం దెబ్బతిందని డాక్టర్లు తేల్చారు. ఆలోచన మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ఏమిటో ఊహించుకోండి. అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, ఒక్క చిటికెన వేలు కూడా కదలదు. బలంలో లీగులో పేరెన్నికగన్న మనిషికి ఇరవై నాలుగేళ్ళ వయసులో వచ్చిన గతి ఇది.

అప్పటి లీగులో ఆటగాళ్ళకి పింఛను లేదు, ఇలాంటి ఆపదకి చెప్పుకోదగ్గ వైద్య బీమా లేదు. మన పల్లెల్లో ఒక సామెత ఉంది, ఏరు దాటాక తెప్ప తగలేశారని. ఆడినన్నాళ్ళూ అతని పేరు చెప్పి టికెట్లు అమ్ముకున్నారు. పడిపోయాక జీతం ఆగింది. ఆ ఏడే జట్టు యాజమాన్యం కూడా చేతులు మారింది. ఆస్పత్రి ఖర్చు చూస్తే ఏడాదికి లక్ష డాలర్ల దరిదాపుల్లో ఉండేదని చెబుతారు. ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడి కుటుంబం, అదీ వందల మైళ్ళ అవతల పిట్స్‌బర్గ్‌లో. ఎక్కణ్ణుంచి తెస్తారు? స్టోక్స్ డబ్బు బ్యాంకులో ఉన్నా సంతకం పెట్టడానికి చెయ్యి లేవదు.

అప్పుడు ముందుకి వచ్చినవాడు జాక్ ట్వైమన్. వయసు ఇరవై మూడు. పెళ్ళయినవాడు. ఆట లేని నెలల్లో ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేసుకునేవాడు. పెద్ద ఆస్తిపరుడేమీ కాదు. స్టోక్స్‌తో అంతకుముందు ప్రాణస్నేహం అని చెప్పుకునేంత కూడా లేదు, జట్టులో తోటివాడు, అంతే. ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి తను చేశాడు. కోర్టు ద్వారా స్టోక్స్‌కి చట్టబద్ధమైన గార్డియన్ అయ్యాడు. 1958 అమెరికాలో ఒక తెల్లవాడు నల్లవాడికి గార్డియన్! ట్వైమన్‌కి అందులో ఆశ్చర్యపోవలసిందేమీ కనిపించలేదు.

ఇన్సూరెన్స్ తెలిసినవాడు కాబట్టి అతనికి ముందుగా తట్టింది చట్టం. ఫ్యాక్టరీలో చెయ్యి తెగిన కార్మికుడికి నష్టపరిహారం ఇచ్చే చట్టం ఒహాయో రాష్ట్రంలో ఉంది. ఆడటం స్టోక్స్ ఉద్యోగం. దెబ్బ తగిలింది ఆ ఉద్యోగం చేస్తుండగా. కాబట్టి అతనూ కార్మికుడే, అతనికీ పరిహారం రావాలని ట్వైమన్ పట్టుబట్టి పోరాడి సాధించాడు. ఆటగాడిని కార్మికుడిగా చూడటం మనకి ఇవాళ మామూలుగా అనిపించొచ్చు. ఆ రోజుల్లో కాదు. మన దేశంలో కూడా కార్మికుల నష్టపరిహార చట్టం 1923 నాటిదే. కానీ ఆ కాగితం మా పొలాల గట్ల దాకా రావటానికి చాలా ఏళ్ళు పట్టింది. మా ఊళ్ళో నూర్పిడి మిషనులో చెయ్యి పోగొట్టుకున్న కూలీ ఒకతనున్నాడు. మిషను యజమాని ఆస్పత్రిలో మొదటి రోజు కట్టు కట్టించి చేతులు దులుపుకున్నాడు. అతనికి ఒక ట్వైమన్ దొరకలేదు. స్టోక్స్ కథ చదివినప్పుడల్లా నాకు అతనే గుర్తొస్తాడు.

పరిహారం ఒక్కటే చాలదు. అందుకని ట్వైమన్ విరాళాల వేటలో పడ్డాడు. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల్లో కట్షర్స్ అనే పెద్ద విడిది హోటల్ ఉండేది. దాని యజమాని మిల్టన్ కట్షర్ సాయంతో అక్కడ స్టోక్స్ సహాయార్థం ఆట పెట్టించాడు. 1958లో మొదలైన ఆ ఆట ఏటేటా జరిగింది. లీగులో హేమాహేమీలందరూ సొంత ఖర్చులతో వచ్చి ఆడేవాళ్ళు. వాళ్ళలో విల్ట్ చాంబర్లేన్ ఒకడు. ఈ చాంబర్లేన్ స్కూలు రోజుల్లో అదే హోటల్లో సామాన్లు మోసే కుర్రాడిగా పనిచేశాడు. సీజన్ పొడుగునా ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నవాళ్ళు ఒక్క రోజు ఒక మంచాన పడ్డ మిత్రుడి కోసం కలిసి ఆడటం కంటే గొప్ప టోర్నమెంటు ఇంకేముంటుంది?

మరి స్టోక్స్ ఏం చేశాడు? ఈ కథ చెప్పేవాళ్ళు ఎక్కువగా ట్వైమన్‌ని పొగిడి ఊరుకుంటారు. పొగడవలసిందే. కానీ నా ఉద్దేశంలో స్టోక్స్ పడ్డ కష్టం దానికి ఏమాత్రం తక్కువ కాదు. మొదట్లో ట్వైమన్ మంచం పక్కన కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివేవాడు. కావలసిన అక్షరం రాగానే స్టోక్స్ కంటిరెప్ప ఆర్పేవాడు. మళ్ళీ మొదటి నుంచి ఇంకో అక్షరం. ఇలా ఒక్క మాట పూర్తి కావడానికి ఎంతసేపు పట్టేదో మనం ఇంట్లో చేసి చూడొచ్చు. తర్వాత ఏళ్ళ తరబడి వ్యాయామం. ఒకప్పుడు గాల్లో అందరికంటే పైకి ఎగిరినవాడికి ఒక్క వేలు కదపటం ఒక విజయం. అలా కదిలిన వేళ్ళతో టైపు మిషను మీద అక్షరాలు కొట్టడం నేర్చుకున్నాడు. మొట్టమొదట కొట్టింది జాక్‌కి తన కృతజ్ఞత. నీ రుణం తీర్చుకోలేనన్నది దాని తాత్పర్యం. ఆపైన మాట కూడా కొంచెం కొంచెంగా కూడదీసుకున్నాడు. దగ్గరగా చూసినవాళ్ళు చెప్పేదొకటే. అతను ఎవర్నీ తిట్టలేదు, తన రాత ఇంతే అని ఏడవలేదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళే ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు. సాయం చెయ్యడానికి పెద్ద మనసు కావాలంటారు. సాయం అందుకుంటూ కూడా మనసు చేదు కాకుండా నిలుపుకోవడానికి ఇంకా పెద్ద మనసు కావాలి.

ట్వైమన్ ఇదంతా ఆట మానేసి చెయ్యలేదు. స్టోక్స్ లేని రాయల్స్ 1958-59లో 72 ఆటల్లో 19 మాత్రమే గెలిచింది. అరకలో దాపటెద్దు కూలితే వలపటెద్దు ఎంత లాగుతుంది? అయినా లాగాడు. 1959-60లో ట్వైమన్ సగటు ఆటకి 31.2 పాయింట్లు. సీజన్ మొత్తం మీద ముప్పై దాటిన సగటు లీగు చరిత్రలో మొదటిసారిగా ఆ ఏడు ఇద్దరికే వచ్చింది, ఒకరు చాంబర్లేన్, రెండోవాడు ట్వైమన్. పగలు ప్రాక్టీసు, సాయంత్రం ఆట, మధ్యలో ఆస్పత్రి, వకీళ్ళు, విరాళాల ఉత్తరాలు. అతని భార్యా పిల్లలు కూడా స్టోక్స్‌ని ఇంట్లో మనిషి లాగే చూసుకున్నారు. పదకొండు సీజన్లు ఆడి, 15,840 పాయింట్లు చేసి 1966లో ట్వైమన్ ఆట నుంచి రిటైరయ్యాడు. గార్డియన్ ఉద్యోగానికి మాత్రం రిటైర్మెంటు లేదు.

1964లో ఇంకో సంగతి జరిగింది. మన స్టూడెంట్స్ యూనియన్ సావనీరులో దాన్ని చెప్పకపోతే తప్పవుతుంది. ఆ జనవరిలో బాస్టన్‌లో ఆల్ స్టార్ ఆట. మొదటిసారిగా రాత్రి వేళ దేశమంతా టెలివిజన్లో చూపించబోతున్నారు. ఆట మొదలవబోయే ముందు ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూము తలుపులు వేసుకుని కూర్చున్నారు. పింఛను పథకం ఒప్పుకుంటే తప్ప బయటికి రామన్నారు. ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడు టామ్ హైన్సన్. వాళ్ళలో రాయల్స్ ఆటగాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ కూడా ఉన్నాడు. లీగు అధికారి మాట ఇచ్చాకే బంతి పైకి లేచింది. ఆ గదిలో ఉన్నవాళ్ళకి స్టోక్స్ గతి తెలియనిది కాదు. ఒక మంచి మనిషి ఎదురైతే ఒకడు బతుకుతాడు. సంఘం నిలబడితే ముక్కూ మొహం తెలియనివాడు కూడా బతుకుతాడు. ట్వైమన్ లాంటివాళ్ళు అందరికీ దొరకరు కాబట్టే చట్టాలు, సంఘాలు కావాలి.

స్టోక్స్ పన్నెండేళ్ళు బతికాడు. 1970 ఏప్రిల్ 6న సిన్సినాటిలో గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు ముప్పై ఆరు. తనని లొరెటోలో, చదువుకున్న కాలేజీ ఆవరణలో, అక్కడి సన్యాసుల శ్మశానంలోనే పూడ్చమని ముందే కోరుకున్నాడు. అలాగే చేశారు. ఒక విద్యార్థికి తన కాలేజీ మీద ఉండే ప్రేమకి ఇంతకంటే ఏం చెప్పగలం? ఆ కాలేజీ తన ఆటల భవనానికి అతని పేరు పెట్టుకుంది. 1973లో వీళ్ళిద్దరి కథతో సినిమా కూడా వచ్చింది. రాయల్స్ జట్టు తర్వాత ఊళ్ళు మారి సాక్రమెంటో కింగ్స్ అయింది. ఆ జట్టులో స్టోక్స్ వేసుకున్న 12వ నంబరు, ట్వైమన్ వేసుకున్న 27వ నంబరు ఇంకెవరికీ ఇవ్వరు. కట్షర్స్‌లో మొదలైన ఆట స్టోక్స్ పోయాక కూడా కష్టాల్లో ఉన్న పాత ఆటగాళ్ళ కోసం సాగింది.

బాస్కెట్ బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ట్వైమన్ 1983లో ఎక్కాడు. స్టోక్స్ ఆడింది మూడేళ్ళే కదా అన్న సంకోచం వల్లనో ఏమో అతని పేరు 2004 దాకా రాలేదు. వచ్చిన రోజున ఆ గౌరవాన్ని అతని తరఫున అందుకున్నది డెబ్భై ఏళ్ళ జాక్ ట్వైమనే. జరగని వీడ్కోలు సభ నలభై ఆరేళ్ళ తర్వాత జరిగిందనుకోవాలి. ట్వైమన్ 2012 మే 30న పోయాడు. ఆ తర్వాతి సీజన్ 2012-13 నుంచి ఎన్.బి.ఎ. ట్వైమన్–స్టోక్స్ పేరిట ఉత్తమ సహచరుడి బహుమతి ఇస్తోంది. ఎక్కువ పాయింట్లు కొట్టినవాడికి కాదు, తోటివాళ్ళకి తోడుగా నిలిచినవాడికి. ఎన్నుకునేది కూడా ఆటగాళ్ళే. మొదటిసారి చాన్సీ బిలప్స్‌కి వచ్చింది.

ఈ అరవై ఏళ్ళలో ఆటల ప్రపంచం కొంత నేర్చుకుంది. తలకి దెబ్బ తగిలినవాణ్ణి పరీక్షించి, పూర్తిగా కోలుకున్నాడని తేలితేనే మళ్ళీ ఆడనివ్వాలని ఎన్.బి.ఎ. 2011లో నియమాలు పెట్టింది. క్రికెట్‌లో తలకి దెబ్బ తగిలితే బదులుగా ఇంకో ఆటగాణ్ణి దింపే వీలు 2019 నుంచి వచ్చింది. అవన్నీ పెద్ద పెద్ద స్టేడియాల సంగతి. మన ఇంటర్ కాలేజీ ఆటల్లో, సంక్రాంతికి ఊళ్ళల్లో జరిగే కబడ్డీ పోటీల్లో ఏం జరుగుతోంది? పడ్డవాడి మొహాన నీళ్ళు కొట్టి, వీపు తట్టి, మళ్ళీ కోర్టులోకి తోస్తాం. వాడు ఆడితే మొగాడు, ఆడనంటే పిరికివాడు. మార్చి 12న మినియాపోలిస్‌లో ఆ రాత్రి స్టోక్స్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరుకి చూపించి ఉంటే ఏమయ్యేదో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. చూపించకపోతే ఏమైందో మాత్రం మనందరికీ తెలుసు.

కాబట్టి మన యూనియన్ వారికీ, ఫిజికల్ డైరెక్టరు గారికీ ఒక చిన్న మనవి. కొత్త జెర్సీలు, కప్పులు, షామియానాలు ఉండాల్సిందే. వాటితో పాటు దెబ్బ తగిలిన ఆటగాడి కోసం ఆటల ఫీజులోంచి ఏటా కొంత పక్కన పెట్టండి. తల నేలకి తగిలినవాడు, ఎంత పెద్ద ఫైనలైనా సరే, ఆ రోజుకి మళ్ళీ కోర్టులోకి దిగకూడదని ఒక నియమం రాసి గ్రౌండులో బోర్డు కట్టండి. కెప్టెన్లు కూడా గెలుపు కోసం మనిషిని పణం పెట్టొద్దు. జట్టు అన్న మాటకి అర్థం ఐదుగురు కలిసి బంతి రింగులో వెయ్యటం మాత్రమే అయితే స్టోక్స్ కథ 1958 మార్చి 15నే ముగిసిపోవాలి. అది ముగియలేదు. ఇంకా పన్నెండేళ్ళు నడిచింది. ఆ పన్నెండేళ్ళూ కూడా జట్టు ఆటే.

– తృతీయ బి.యస్సీ. విద్యార్థి